కేసులో లేని మనిషి

కిందటి వారం అమలమ్మను కోర్టు గేటు దగ్గర ఆటో దిగుతుండగా వదిలాం. ఆమె అక్కడిదాకా ఎందుకు వచ్చిందో కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు.

అమలమ్మ భవానీపురంలో మిషను కుట్టుకుని బతికే మనిషి. భర్త శౌరయ్యకు ఆ వీధి చివరే మోటారు వైండింగ్ షాపు ఉంది. వాళ్ళకు లేక లేక పుట్టిన పిల్ల బ్లెస్సీ. తొమ్మిదేళ్ళ కిందట, వేసవి సెలవుల్లో, తండ్రి స్కూటరు మీద కంకిపాడు అవతల ఉన్న అమ్మమ్మ ఊరికి వెళుతుంటే వెనకనుంచి కారు గుద్దింది. శౌరయ్య కాలు విరిగింది. పిల్ల పోయింది. పోలీసులు కేసు పెట్టారు. ఆ కేసు ఇంకా నడుస్తోందనే అమలమ్మ నమ్మకం. రెండు మూడు నెలలకోసారి శౌరయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని "ఈ రోజు వాయిదా" అని వెళతాడు. సాయంత్రం వచ్చి "మళ్ళీ వాయిదా వేశారు" అంటాడు.

ఆమె జాకెట్లు కుట్టిపెట్టే ఒక ఇంట్లో సంజీవరావు అని లాయరు ఉన్నాడు. మాటల్లో ఈ సంగతి విని, ఇన్నేళ్ళా అని ఆశ్చర్యపోయి, ఫోనులో కోర్టుల వెబ్‌సైటు తెరిచి, ఎఫ్.ఐ.ఆర్. నంబరూ సంవత్సరమూ కొట్టి చూశాడు. కేసు ఆరేళ్ళ కిందటే ముగిసిపోయింది. ముద్దాయిని నిర్దోషిగా వదిలేశారు. అమలమ్మ ఇంటికొచ్చి భర్తతో ఆ మాట ఎత్తలేదు. సంజీవరావు చేత కోర్టు కాగితాల నకళ్ళకు దరఖాస్తు పెట్టించి ఎదురుచూసింది. నకళ్ళు వచ్చాయని కబురు అందిన రోజు పొద్దున్నే శౌరయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"ఈ రోజు వాయిదా ఉంది అమలా," అన్నాడు.

ఆమె ఎప్పటిలాగే పెరుగన్నం కలిపి, నిమ్మకాయ బద్ద పక్కన పెట్టి, టిఫిను డబ్బా చేతికిచ్చింది. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి, తలుపుకి తాళం వేసి బయలుదేరింది.

*

నకళ్ళు ఇచ్చే కాపీయింగ్ సెక్షన్ కిటికీ దగ్గర మనుషులు గుంపుగా ఉన్నారు. ఎక్కువమంది లాయర్ల గుమస్తాలు. వాళ్ళకది రోజూ ఉండే పని. కిటికీలో చెయ్యి పెట్టి తీసుకుని, సంతకం గీకి, నవ్వుకుంటూ పోతున్నారు. అమలమ్మ గోడవారగా నిలబడింది. సంజీవరావు నల్లకోటు చేతిమీద వేసుకుని ఆమె పక్కనే ఉన్నాడు. ఆయనకు యాభై దాటి ఉంటుంది. నెమ్మదస్తుడు.

"థర్డ్ పార్టీ కాపీ!" అని లోపలినుంచి కేకేశారు. "థర్డ్ పార్టీ ఎవరండీ?"

అమలమ్మ కదల్లేదు.

"మనదేనమ్మా," అన్నాడు సంజీవరావు.

"నేనా సార్? నేను థర్డ్ పార్టీనా?"

ఆయన కొంచెం ఇబ్బంది పడ్డాడు. "అది వాడుక మాటేలెండి. క్రిమినల్ కేసులో ఒక పక్క ప్రభుత్వం ఉంటుంది, ఇంకో పక్క ముద్దాయి ఉంటాడు. వాళ్ళే పార్టీలు. తతిమ్మా ఎవరు కాయితాలు అడిగినా థర్డ్ పార్టీ అనే రాసుకుంటారు. అందుకే కదా, మీకెందుకు కావాలో అఫిడవిట్ వేయించి, కోర్టువారి అనుమతి తీసుకున్నాం."

"కన్నతల్లి అడిగినా అంతేనా?"

"అంతేనమ్మా."

ఆ అఫిడవిట్ రాయించిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. టైపు చేసే అమ్మాయి "కారణం ఏమని కొట్టమంటారు?" అని అడిగితే, ఏం చెప్పాలో తోచక, "ఆ పిల్ల తల్లిని" అని ఊరుకుంది. సంజీవరావే అందుకుని మిగతాది చెప్పాడు. ఆ అమ్మాయి తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ మాట్లాడకుండా టైపు చేసుకుంటూ పోయింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టింది. దారంతో కుట్టి, అడుగున గుండ్రటి ముద్ర కొట్టిన కాగితాలు చేతికొచ్చాయి. తను అనుకున్నంత బరువు లేవు.

"రండి, అలా కూర్చుందాం," అని సంజీవరావు వరండాలో ఖాళీగా ఉన్న బెంచీ వైపు నడిచాడు. "మీ అదృష్టం, సాక్షుల వాంగ్మూలాలు ఇంకా ఉన్నాయి. ఇవి ఎల్లకాలం ఉంచరమ్మా. గడువు దాటితే తీసేస్తారు. ఇంకొన్నాళ్ళు పోతే తీర్పు ఒక్కటే మిగిలేది. తీర్పు ఇంగ్లీషులో ఉంది, నేను చదివి చెబుతా. సాక్ష్యాలు మాత్రం తెలుగులోనే ఉన్నాయి."

"తెలుగు నేను చదువుకుంటా సార్."

తీర్పు పైపైన తిరగేసి ఆయన చెప్పాడు. ముద్దాయి పేరు సురేష్. ఒక బట్టల వ్యాపారి దగ్గర కారు డ్రైవరు. అజాగ్రత్తగా నడిపి మనిషి చావుకు కారణమయ్యాడని నేరం మోపారు. పిల్ల తండ్రి తప్ప జరిగింది చూశామని చెప్పినవాళ్ళు లేరు. రోడ్డు పక్క టీ కొట్టు మనిషి చప్పుడు విని వచ్చానన్నాడు, బండి ఎవరు నడిపారో తెలియదన్నాడు. ఇద్దరు రైతులు జనం మూగాక వచ్చామన్నారు. డాక్టరు గాయాల గురించి చెప్పాడు. ముద్దాయే బండి నడిపాడని రుజువు కాలేదు కాబట్టి వదిలేస్తున్నామని కోర్టు రాసింది.

"పిల్ల తండ్రి ఏం చెప్పాడు?" అంది అమలమ్మ.

సంజీవరావు ఆ పేజీ ముందే చూసినట్టున్నాడు. వెతుక్కోకుండా తీసి ఇచ్చాడు. ఇచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ అటు తిరిగి కూర్చున్నాడు.

ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి. భర్త పేరు, ఆయన తండ్రి పేరు, వయసు, వృత్తి. తర్వాత ఇలా ఉంది:

"మృతురాలు నా కుమార్తె. ఆ రోజు సాయంత్రం నేనును, నా కుమార్తెయును స్కూటరుపై పోవుచుండగా వెనుకనుండి కారు వచ్చి ఢీకొన్నది. నేను పొలము గట్టుపై పడితిని. నా కుమార్తె రోడ్డు మార్జినులో పడినది. కారు నడిపిన వ్యక్తిని నేను చూచితిని. కోర్టులో ఉన్న ముద్దాయి ఆ వ్యక్తి కాదు."

దానికింద వేరే రకంగా ఉంది. సాక్షిని ప్రతికూల సాక్షిగా ఎంచి ప్రశ్నించడానికి ప్రాసిక్యూషన్ వారికి అనుమతి ఇవ్వడమైనదని. ఆ తర్వాత మళ్ళీ ఆయన మాటలే:

"ఈ ముద్దాయియే కారు నడిపినాడని నేను పోలీసుల వద్ద చెప్పితిననుట నిజము కాదు. ముద్దాయితో రాజీపడి అతనిని కాపాడుటకై అబద్ధపు సాక్ష్యము చెప్పుచున్నాననుట నిజము కాదు."

చివర శౌరయ్య సంతకం. ఆయన సంతకంలో చివరి అక్షరం కింద ఒక గీత లాగుతాడు. ఇక్కడ ఆ గీత వంకరగా పోయింది.

అమలమ్మ అది చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. బ్లెస్సీ అన్న పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు. ఉన్నదంతా మృతురాలే.

"ప్రతికూల సాక్షి అంటే?"

"మనవాడే అనుకుని పిలిచిన సాక్షి అవతలివాళ్ళకు పనికొచ్చేట్టు చెబితే అలా అంటారమ్మా. హాస్టైల్ అంటాం." సంజీవరావు గొంతు తగ్గించాడు. "యాక్సిడెంటు కేసుల్లో అప్పుడప్పుడూ జరుగుతుంటుంది. పెద్దమనుషులు మధ్యలో కూర్చుంటారు, ఏదో మాట్లాడతారు..."

"మా ఆయన నా కూతుర్ని అమ్ముకున్నాడంటారా?"

"నేనా మాట అనలేదమ్మా. కాయితం అలా కనబడుతోంది, అంతే. కాయితం వెనకాల ఏముందో ఆయన్నే అడగాలి."

ఆయనకు హాల్లో కేసు పిలిచే వేళయింది. కోటు తొడుక్కుంటూ, "మీరొక్కరూ ఇంటికి వెళ్ళగలరా?" అని అడిగాడు. వెళతానంది. ఆయన వెనక్కి చూసుకుంటూనే వెళ్ళాడు.

అమలమ్మ ఆ బెంచీ మీద అలాగే ఉండిపోయింది. పిల్ల పోయాక ఇంట్లోకి కొత్తగా వచ్చిన వస్తువేమైనా ఉందా అని ఆలోచించింది. ఏదీ లేదు. ఆ షాపు అలాగే ఉంది, ఆ స్కూటరు తుక్కు కింద పోయింది, శౌరయ్య కుంటుకుంటూ నడుస్తాడు. మరి ఎందుకు చెప్పినట్టు అలాగ? ఇంట్లో తనతో కలిసి ఏడ్చిన మనిషి, ఇక్కడికొచ్చి ఆ డ్రైవరుని చూసి నువ్వు కాదు పొమ్మన్నాడా? కాసేపటికి లేచి, కాగితాలు సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

బయటికి వెళ్ళే దారి తెలియక భవనం వెనకవైపుకి వచ్చేసింది. అక్కడ బైకులు పెట్టే షెడ్డు ఉంది. షెడ్డు పక్కన టీ బండి. ఆ నీడలో సిమెంటు బల్ల మీద, మోకాళ్ళ మీద టిఫిను డబ్బా పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో శౌరయ్య కూర్చుని ఉన్నాడు.

కేసు లేదని తెలిసినప్పటినుంచి ఆమె ఏవేవో ఊహించుకుంది. వాయిదా అని చెప్పి ఏ స్నేహితుల దగ్గరికో పోతున్నాడనుకుంది. ఇంకో సంసారం ఉందేమోనని కూడా అనుకుని, అలా అనుకున్నందుకు తనని తనే తిట్టుకుంది. కోర్టుకే వస్తాడని మాత్రం అనుకోలేదు.

ఆయన తలెత్తి చూసి, డబ్బా పక్కన పెట్టి లేచాడు.

"అమలా! నువ్వేంటి ఇక్కడ?"

"ఏ కోర్టులో ఉందండీ మన వాయిదా?"

ఆయన చుట్టూ చూశాడు.

"పిలిచారా? ఇంకా పిలవలేదా? పదండి, నేనూ వస్తా. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా రాలేదు కదా. నువ్వు తట్టుకోలేవులే అంటే మానేశా. ఇవాళ తట్టుకుంటా. ఏ అంతస్తు?"

"అమలా, కూర్చో ముందు."

"ఏ హాలో చెప్పండి!"

టీ బండి దగ్గర ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. శౌరయ్య చేతులు రెండూ జారవేసి నిలబడ్డాడు.

"కేసు లేదు," అన్నాడు. "ఎప్పుడో పోయింది."

అమలమ్మ బల్ల మీద కూలబడింది. ఆ మాట తనకు తెలుసు. సంజీవరావు ఫోనులో చూసింది, ఇప్పుడే కాగితంలో చదివింది. అయినా ఆయన నోట వినేదాకా లోపల ఏదో ఒక మూల ఇంకా నమ్మలేదని అప్పుడే తెలిసింది.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

శౌరయ్య ఆమె పక్కన కాకుండా బల్ల ఆ చివర కూర్చున్నాడు. కుంటికాలు చాపుకుని, నేల చూస్తూ మాట్లాడాడు.

"తీర్పు రోజున చెబుదామనే ఇంటికొచ్చా. అప్పటికి నువ్వెలా ఉండేదానివో గుర్తుందా? పొద్దస్తమానం గోడ వైపు తిరిగి పడుకునేదానివి. మీ అమ్మ వచ్చి వంట చేసిపెట్టేది. వాయిదా అంటే మాత్రం లేచేదానివి. లేచి తల దువ్వుకునేదానివి. నేను తిరిగొచ్చేదాకా గుమ్మంలో నిలబడేదానివి. ఆ రోజు వచ్చేసరికి నువ్వు మిషను ముందు కూర్చునున్నావు. మూడేళ్ళ తర్వాత మిషను తీశావు. ఎవరిదో లంగా కుడుతున్నావు. ఏమైందండీ అన్నావు. వాయిదా పడింది అని వచ్చేసింది నా నోట్లోంచి."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది. నువ్వే అడిగేదానివి, మళ్ళీ ఎప్పుడంట అని. ఏదో ఒక తేదీ చెప్పాలి. చెప్పాక ఆ తేదీకి ఇల్లు కదలాలి. ఎక్కడికి పోను? ఎక్కడికి పోయినా మోసం చేసినట్టు ఉండేది. అందుకని ఇక్కడికే వచ్చి కూర్చునేవాణ్ణి. కేసు ఉందనుకుంటే నీకు పాప ఉన్నట్టే ఉండేది అమలా. నేనే దాన్ని ఎలా తీసెయ్యను?"

అమలమ్మకు ఏడుపు రాలేదు. వస్తుందనుకుంది గానీ రాలేదు.

"వాయిదా రోజున నేను పొద్దుగూకేదాకా మెతుకు ముట్టలేదు," అంది. "తెలుసా మీకు? గుణదల కొండెక్కి మేరీమాత కాళ్ళ దగ్గర కొవ్వొత్తి పెట్టి, తల్లీ నీకూ బిడ్డ పోయాడు, నా బిడ్డకి న్యాయం చెయ్యమని మొక్కుకునేదాన్ని. ఆరేళ్ళు! పక్కింటి వాళ్ళు కొండకి ఎందుకమ్మా ఇన్నిసార్లు అంటే మా పాప కేసు నడుస్తోందండీ అని చెప్పుకున్నా. వాళ్ళకైనా తెలిసుంటుంది. నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని."

"అలా అనకు."

"మరేమనాలి?" ఆమె సంచిలోంచి కాగితాలు తీసి, ఆ పేజీ ఆయన ముందు పెట్టింది. "ఇది మీ సంతకమేనా?"

శౌరయ్య దాన్ని చేతిలోకి తీసుకోలేదు. చూసి తల ఊపాడు. "నాదే."

"వాడు కాదన్నారు. కారు నడిపింది వాడు కాదన్నారు. అబద్ధం చెబుతున్నావని లాయరు మొహమ్మీదే అడిగితే, నిజం కాదన్నారు. నాకిప్పుడు చెప్పండి. ఎవరొచ్చారు మీ దగ్గరికి? ఏమిస్తామన్నారు?"

"ఎవరూ రాలేదు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు." ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు అమలా. బోనులో నిలబెట్టినవాణ్ణి నేను అంతకుముందు పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. ఇతనేనా అన్నారు. కాదన్నా. బాగా చూడు అన్నారు. ఎంత చూస్తే మాత్రం? ఆ కుర్రాడు తలెత్తడం లేదు. వాడి పెళ్ళాం వెనకాల నిలబడి చంకలో పిల్లాణ్ణి జోకొడుతోంది. చెయ్యని పనికి వాణ్ణి జైల్లో పెడితే మన పాపకి ఒరిగేదేంటి?"

"పోలీసులకి ముందే ఎందుకు చెప్పలేదు?"

"నాకు తెలివొచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నా. పాప పోయిందన్నారు. కారు గుద్దిందని చెప్పా, ఇంకేం చెప్పానో నాకే తెలీదు. నేను లేచేసరికి ఆ కుర్రాడు బండి నేనే నడిపానని స్టేషనులో లొంగిపోయాడంట. ఒప్పుకున్నాడు కాబట్టి రాసుకున్నారు."

"వాడు కాకపోతే మరి ఎవరు?"

శౌరయ్య టిఫిను డబ్బా మీద మూత సరిచేశాడు.

"ఆ మాట ఆ రోజు ఎవరూ అడగలేదు అమలా. ప్రభుత్వ లాయరు గారు రాజీపడ్డావన్నారు. కాదన్నా. అబద్ధమాడుతున్నావన్నారు. కాదన్నా. మరి ఎవరయ్యా అని అడుగుతారేమోనని బోను కొయ్య పట్టుకుని నిలబడ్డా. దిగమన్నారు. దిగా."

"నేనడుగుతున్నా. ఎవరు?"

షెడ్డులో ఎవరో బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయేదాకా ఆయన ఆగాడు.

"ఒక అమ్మాయి."

అమలమ్మ అర్థం కానట్టు చూసింది. తొమ్మిదేళ్ళుగా ఆమె మనసులో ఒక మొగాడు ఉన్నాడు. ముఖం లేదు గానీ మీసాలుండేవి, తాగి ఉండేవాడు. రోజూ వాణ్ణి తిట్టేది.

"నేను గట్టు మీద పడ్డానా," శౌరయ్య మెల్లగా చెప్పుకుపోయాడు, "కాలు కదలడంలేదు. కారు తలుపు తెరుచుకుంది. స్టీరింగు పక్కనుంచి ఒక అమ్మాయి దిగింది. కాళ్ళకి చెప్పుల్లేవు. చిన్నపిల్ల, ఇరవై కూడా ఉండవు. పరిగెత్తుకొచ్చి రోడ్డు మీద చతికిలబడి పాపని ఒళ్ళోకి తీసుకుంది. రెండో పక్కనుంచి ఒక పెద్దాయన దిగి, రా పోదాం అని చెయ్యి పట్టి లాగుతున్నాడు. ఆ అమ్మాయి రాను అంటోంది. అక్కడికి నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. మళ్ళీ ఏమీ తెలీదు."

"ఆ తర్వాత ఎప్పుడు చూశారు?"

"తీర్పు రోజున. వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉంది. డ్రైవరుని వదిలేశారని తెలిసి, గోడకి తల ఆనించుకుని ఏడ్చింది. నేను గుర్తుపట్టా. నన్నూ గుర్తుపట్టింది. ఏమీ అనలేదు, వెళ్ళిపోయింది. రెండు వాయిదాలు... అంటే నేను ఊరికే వచ్చిన రెండోసారి, ఇదే బల్ల దగ్గరికి వచ్చింది. అంకుల్, కేసు అయిపోయింది కదా, మీరెందుకు వస్తున్నారు అంది. నీకెలా తెలుసన్నా. నేను ప్రతి వాయిదాకీ వచ్చి బయట నిలబడేదాన్ని, ఇప్పుడూ ఉండబట్టక వస్తున్నా అంది."

అమలమ్మ ఆయన వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"ధనశ్రీ అని పేరు. రామలింగం గారని చేనేత చీరల టోకు వ్యాపారి కూతురు. కారు నేర్చుకుంటోందంట అప్పుడు. ఆ పెద్దాయన తండ్రే. పోలీసులు వచ్చేలోపు కూతుర్ని ఆటో ఎక్కించి పంపించేసి, డ్రైవరుని పిలిపించాడు. నేను వెళ్ళి నిజం చెప్పేస్తానని పిల్ల ఎన్నోసార్లు ఏడ్చింది. తల్లికి గుండె జబ్బు, చస్తుందని ఆపారు."

"ఆ తర్వాత కూడా వచ్చిందా?"

"వస్తూనే ఉంది."

"ప్రతిసారీనా?"

"దాదాపుగా. ఊరికే కూర్చుంటాం. ఎక్కువ మాటలేమీ ఉండవు. పాప గురించి అడుగుతుంది. ఏం చదివేది, ఏం ఇష్టం, అవీ ఇవీ. నాకు పాప గురించి మాట్లాడ్డానికి ఇంకెవరున్నారు? ఇంట్లో పేరెత్తితే నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి."

అమలమ్మ టిఫిను డబ్బా వైపు చూసింది. పొద్దున తను మూత బిగించిన డబ్బా.

"అన్నం పెట్టారా దానికి?" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "నేను ఉపవాసాలు ఉంటూ కట్టిచ్చిన అన్నం, నా బిడ్డని చంపినదానికి పెట్టారా?"

శౌరయ్య నెమ్మదిగా తల ఊపాడు.

ఆమె చెయ్యి ఎత్తి ఆయన భుజం మీద కొట్టింది. గట్టిగా తగల్లేదు. ఇంకోసారి కొట్టింది. ఆయన అడ్డం పెట్టలేదు. మూడోసారి చెయ్యి ఆయన చొక్కా పట్టుకుని అక్కడే ఉండిపోయింది. అప్పుడు వచ్చింది ఏడుపు. టీ బండివాడు స్టవ్వు తగ్గించి, అటు తిరిగి నిలబడ్డాడు. కోర్టుకి వచ్చిపోయే జనం పక్కనుంచి నడిచి పోతూనే ఉన్నారు. అక్కడ ఏడ్చే మనుషులు వాళ్ళకు కొత్త కాదు.

"మీకెవరిచ్చారండీ ఆ హక్కు?" అంది ఏడుపు మధ్యలో. "క్షమించేశారు. మీరొక్కరే, నన్నడక్కుండా. నేను ఒకవేళ క్షమించేదాన్నేమో. క్షమించకపోయేదాన్నేమో. అది నాకు మిగలాలి కదా? ఆ కాయితాల వాళ్ళు నన్ను థర్డ్ పార్టీ అన్నారు. పోనీ, వాళ్ళ లెక్క వాళ్ళది. మీరు కూడా నన్ను అలాగే నిలబెట్టారు. నా కూతురి చావులో నేనెవర్నీ కాకుండా చేశారు."

"తప్పే," అన్నాడు శౌరయ్య. "ఎలా చెప్పాలో తెలీలేదు. చెబితే నువ్వు మళ్ళీ గోడ వైపు తిరుగుతావని భయం."

ఆమె పమిటచెంగుతో ముఖం తుడుచుకుని, కాగితాలు పోగు చేసి సంచిలో పెట్టుకుంది. లేచి వెళ్ళిపోదామనుకుంది. ఎక్కడికని తోచలేదు.

"ఇవాళ కూడా వస్తుందా?" అని అడిగింది.

శౌరయ్య చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయింది. అమలమ్మ తల తిప్పింది.

షెడ్డు పక్కన ఒకామె ఆగిపోయి ఉంది. ముప్పై ఏళ్ళ లోపే. లేత ఆకుపచ్చ నేత చీర, భుజానికి చేతి సంచి. మెడలోనూ చేతులకూ ఏమీ లేవు. శౌరయ్య పక్కన ఇంకొకరు ఉండటం చూసి అక్కడే నిలిచిపోయినట్టుంది. ఆమె ముఖంలో రంగు పోయింది. ఆ ఇంకొకరు ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఆమెకు తెలిసిపోయినట్టుంది.

శౌరయ్య గబగబా లేచాడు. "నేను పంపించేస్తా. నువ్వుండు."

"కూర్చోండి," అంది అమలమ్మ.

ఆయన కూర్చున్నాడు.

ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందేమోనని అమలమ్మ చూసింది. వెళితే వెనకాలే పరిగెత్తి జుట్టు పట్టుకునేదేమో. ఆమె వెళ్ళలేదు. నెమ్మదిగా నడిచి వచ్చి, నాలుగు అడుగుల దూరంలో ఆగింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఎందుకు విప్పిందో ఆమెకే తెలియనట్టుంది.

"నేను ధనశ్రీనండీ," అంది. "కారు నేనే నడిపాను."

తొమ్మిదేళ్ళ తిట్లు అమలమ్మ నాలుక చివర ఉన్నాయి. అవన్నీ ఆ మీసాల మొగాడివి. ఒక్కటీ ఈ పిల్లకి సరిపోలేదు. ఆమె ఆ చేతుల్ని చూసింది. సన్నటి చేతులు. సంచి పట్టీని మెలితిప్పుతున్నాయి. తన బిడ్డ తల ఆ చేతుల్లో ఉందన్న సంగతి అప్పుడు మనసుకి తట్టింది. తను చూసేసరికి బ్లెస్సీ తెల్లగుడ్డ కింద ఉంది. తను పట్టుకునేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

"నీ ఒళ్ళో ఎంతసేపుంది నా పిల్ల?" అని అడిగింది.

ధనశ్రీ ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు.

"అంబులెన్సు వచ్చేదాకానండీ. నాన్న లాగినా నేను వదల్లేదు. వాళ్ళొచ్చి తీసుకున్నాకే నన్ను ఆటో ఎక్కించారు."

"పడగానే ప్రాణం పోయిందన్నారు. డాక్టరు గారు చెప్పారు. ఈ కాయితాల్లో కూడా అదే ఉంది."

"పోలేదండీ."

శౌరయ్య చివాలున తలెత్తాడు. ఈ మాట ఆయన వినడం కూడా ఇదే మొదటిసారి.

"ఊపిరి ఉంది," అంది ధనశ్రీ. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. "కళ్ళు తెరిచి నన్ను చూసింది. నేను ఎవరో తెలియక మొదట భయపడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు శౌరయ్య. ఆయన గొంతులో కోపమో దుఃఖమో తెలియలేదు.

ధనశ్రీ ఆయన వైపు చూడలేదు. అమలమ్మనే చూస్తోంది.

అమలమ్మ లేచి నిలబడింది. ఆ నాలుగు అడుగులూ తనే నడిచి, ఆ పిల్ల ముఖంలో ముఖం పెట్టి, చిన్నగా, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"ఏమన్నా మాట్లాడిందా?"

"మాట్లాడిందండీ," అంది ధనశ్రీ. "మీకు చెప్పమంది."